కొస దొరకనిదే చిక్కు విడదు

మంగళగిరి చేనేత వీథులలో ఉదయము పూట నడచువారికి మగ్గముల చప్పుడుతో పాటు రాట్నముల చప్పుడును వినవచ్చును. గుంటమగ్గము వద్ద కూర్చుండి నాడె ఆడించువానిని చూచుటకు అందరును నిలుతురు. గోడప్రక్కన కూర్చుండి చిలపలోని నూలును కండెకు తోడుచున్న ఇల్లాలిని చూచుటకు నిలుచువారు తక్కువ. కాని ఆమె పని సామాన్యమైనది కాదు. చిలప చిక్కుపడినప్పుడు ఆమె దానిని పీకదు, తెంపదు. వ్రేళ్ళతో మెల్లగా తడవి కొస కొరకు వెదకును. కొస దొరకినదా, ఎంతటి చిక్కైనను పోగు పోగుగా విడివడును. కొస దొరకలేదా, లాగినకొలది ముడి బిగియును.

ఈ వ్యాసము నూలును గూర్చినది కాదు. మన శరీరములోని ప్రతి జీవకణములోను, పొలములోని వరిమొక్క కణములలోను రేయింబవళ్ళు ఇదే పని చేయుచున్న యంత్రమొకటి కలదు. అది చిక్కువడిన దండను కొసపట్టి లాగును, విప్పును, ముక్కలు చేయును. దాని పేరు ప్రోటియాజోము. మాంసకృత్తులు దేహమును నిర్మించునని మన పాఠశాలలలో చెప్పుదుము, అది సత్యమే. కాని కట్టినదానిని కూల్చుట యెట్లు, ఎవరిని కూల్చవలెనో నిర్ణయించునది ఎవరు, అను ప్రశ్న తరగతిగదిలోనికి రాకయే పోవుచున్నది. ఈ ప్రశ్నకు సమాధానము తెలియక పోయిన యెడల కొన్ని వ్యాధులు మనకు అర్థము కావు. కృష్ణా డెల్టాలోని వరిపైరు ఏల పొట్టిదైనదో కూడ అర్థము కాదు.

నిలకడగా కనిపించు ప్రవాహము

మాంసకృత్తు అనగా అమైనో ఆమ్లములను పూసలవలె గ్రుచ్చిన దండ. పూసలు ఇరువది రకములు. దండ తయారైన వెంటనే తనలో తాను ముడుచుకొని ఒక నిర్దిష్టమైన ఆకారమును పొందును. ఆ ఆకారమును బట్టియే దాని పని. రక్తములో ఆమ్లజనిని మోయు హీమోగ్లోబిన్, కండరమును ముడిచెడు మయోసిన్, జీర్ణకోశములోని పెప్సిన్, అన్నియు ఇట్టి ముడుచుకొన్న దండలే.

ఒకసారి కట్టిన ఇల్లు చాలకాలము నిలుచునట్లు దేహములోని మాంసకృత్తులు కూడ నిలకడగా ఉండునని వెనుకటి శాస్త్రజ్ఞులు తలచుచుండిరి. మనము తిను ఆహారము పొయ్యిలో కట్టెవలె ఖర్చగుననియు, పొయ్యి మాత్రము మారదనియు వారి ఊహ. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయములో రుడాల్ఫ్ షోన్‌హైమర్ ఈ ఊహను తలక్రిందులు చేసెను. 1930ల చివరి సంవత్సరములలో ఆయన భారమైన నత్రజనితో గురుతుపెట్టిన అమైనో ఆమ్లములను ఎలుకలకు తినిపించెను. ఆ గురుతు నత్రజని అంతయు మూత్రములో బయటకు పోవలసినది. అట్లు పోలేదు. చాల భాగము ఎలుకల దేహములోని మాంసకృత్తులలోనే చేరియుండెను. ఎలుక బరువు మాత్రము పెరుగలేదు. అనగా పాతవి పోవుచున్నవి, క్రొత్తవి వచ్చుచున్నవి. 1941లో ఆయన మరణించెను. ఆయన సిద్ధాంతమును తెలుపు గ్రంథము 1942లో వెలువడినది.

కృష్ణ కాలువ రోజును ఒకే మట్టమున ఉండును. చూచువారికి అదే నీరు నిలిచియున్నట్లు తోచును. నిజమునకు నిన్నటి నీరు నేడు లేదు. మన దేహము అట్టిదే. పెరిగిన మనిషి శరీరములో దినమునకు పావుకిలోకు పైగా మాంసకృత్తులు కూలి మరల కట్టబడుచున్నవి. మనము ఆహారములో తీసుకొను మాంసకృత్తులకంటె ఇది కొన్ని రెట్లు అధికము. కూలినవాని పూసలలో అధిక భాగము తిరిగి ఉపయోగపడుచున్నది కనుకనే ఈ లెక్క కుదురుచున్నది. ఆయుర్దాయము మాత్రము అన్నిటికిని ఒక్కటి కాదు. కణవిభజనకు కళ్ళెము వేయు పి53 అనునది మామూలు కణములో కొన్ని నిమిషములకంటె ఎక్కువ నిలువదు. కంటి కటకములోని క్రిస్టలిన్ మాత్రము మనిషితో పాటు జీవితమంతయు ఉండును.

బొప్పాయిపాలు చేయలేని పని

ముదురు మాంసము ఉడుకనప్పుడు మన ఇండ్లలో పచ్చిబొప్పాయి ముక్క వేయుట వాడుక. బొప్పాయి పాలలోని పపెయిన్ అను ఎంజైము మాంసకృత్తులను ఛేదించును. మన జఠరములోని పెప్సిన్ కూడ అట్టిదే. ఇవి కత్తి పట్టిన గ్రుడ్డివానివంటివి. తమకు తగిన సందు కనపడిన చోటనెల్ల కోయును, ఇది మంచిది ఇది చెడ్డదియని చూడవు. జఠరములో అది చెల్లును. కణము లోపల అట్టి కత్తులు విచ్చలవిడిగా తిరిగిన యెడల కణమే మిగులదు.

1955 ప్రాంతమున బెల్జియము శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ ద దువ్, కణములో లైసోజోములు అను సంచులు ఉన్నవనియు, ఈ కత్తులు ఆ సంచులలో బంధింపబడి ఉన్నవనియు కనుగొనెను. సమస్య తీరినదని అనేకులు భావించిరి. కాని రెండు సంగతులు పొసగలేదు. మొదటిది, మెల్విన్ సింప్సన్ 1953లోనే కాలేయపు ముక్కలపై చేసిన ప్రయోగము. మాంసకృత్తు కూలుటకు శక్తి అవసరమని అది తెలిపినది. కొండపైనుండి రాయి దొర్లుటకు ఎవరును నెట్టనక్కరలేదు. దండ తెగుట అట్టిదే. తెగుటకు శక్తి ఏల? రెండవది, ఎఱ్ఱరక్తకణముగా మారుచున్న లేత కణములో లైసోజోములు ఉండవు. అయినను తప్పుగా తయారైన మాంసకృత్తులు అందులో త్వరత్వరగా మాయమగుచున్నవి. 1977లో జోసెఫ్ ఎట్లింగర్, ఆల్ఫ్రెడ్ గోల్డ్‌బర్గ్ కుందేలు నుండి తీసిన ఈ లేత కణముల రసములో, శక్తి నిచ్చు ఎ.టి.పి. ఉన్నప్పుడే ఈ విచ్ఛేదము జరుగుచున్నదని చూపిరి.

కావున సంచి గాక వేరొక సాధనము కలదు. అది శక్తిని ఖర్చు పెట్టుచున్నది. ఎందుకు ఖర్చు పెట్టుచున్నదో తెలిసికొనుటయే తరువాతి నలుబది సంవత్సరముల కథ.

ముద్ర

ఇశ్రాయేలు దేశములోని హైఫా నగరమున టెక్నియాన్ అను విద్యాలయము కలదు. అక్కడ అవ్రామ్ హెర్ష్కో, ఆయన శిష్యుడు ఆరన్ సీకనోవర్, అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన అర్విన్ రోజ్ కలిసి పనిచేసి, కుందేలు కణరసమును భాగములుగా విడదీసిరి. వానిలో వేడికి చెడని ఒక చిన్న మాంసకృత్తు లేనిదే విచ్ఛేదము సాగలేదు. ఆ చిన్నది కత్తి కాదు, ఏమియు కోయదు. కూలవలసిన మాంసకృత్తునకు అది గట్టిగా అతుకుకొనుచున్నదని 1980లో తేలినది. ఇది ముద్ర! అడవిలో నరుకవలసిన చెట్టుకు ముందుగా గురుతు వేయుట వంటిది. ముద్రకు గాను మొదటి ఖర్చు, ఎ.టి.పి. అందుకే.

ఆ చిన్న మాంసకృత్తు పేరు యుబిక్విటిన్. అంతటను ఉన్నదని ఆ పేరునకు అర్థము. దానిలో పూసలు 76. రొట్టె పులియుటకు వాడు ఈస్టులోని యుబిక్విటిన్‌కును, మనుష్యునిలోని దానికిని తేడా మూడు పూసలు మాత్రమే. ఇన్ని కోట్ల సంవత్సరములలో ప్రకృతి దీనిని మార్చుటకు ఇచ్చగింపలేదన్నచో దాని పని ఎంత ముఖ్యమైనదో ఊహింపవచ్చును. ఈ పరిశోధనకు హెర్ష్కో, సీకనోవర్, రోజ్‌లకు 2004లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది.

ముద్ర వేయుటకు మూడు వరుసల పనివారు కలరు. మొదటివాడు ఎ.టి.పి. శక్తితో యుబిక్విటిన్‌ను సిద్ధపరచును. రెండవవాడు దానిని మోసికొనిపోవును. మూడవవాడు కూలవలసినదానిని ఆనవాలు పట్టి, రెండవవానిని దాని ప్రక్కకు చేర్చి, ముద్ర పడునట్లు చేయును. మనుష్యకణములలో మొదటి రకము వారు ఇద్దరే. మూడవ రకము వారు ఆరువందలకు పైగా కలరు. ఊరిలో ఎవని పొలమేదో తెలిసిన కరణమువలె ఒక్కొక్కడు తనకు తెలిసిన కొలదిమందినే ఎరుగును. విచక్షణ అంతయు వీరియొద్దనే ఉన్నది. సాధారణముగా ఒక్క ముద్ర చాలదు. ముద్రపై ముద్ర గొలుసుకట్టుగా పడవలెను. ఒక విధమైన గొలుసులో కనీసము నాలుగు యుబిక్విటిన్లు ఉన్నప్పుడు యంత్రము బాగుగా పట్టుకొనునని 2000 సంవత్సరపు ప్రయోగములు తెలిపినవి.

యంత్రస్వరూపము

ఇక యంత్రము సంగతి. దానికి ప్రోటియాజోమను పేరు 1988లో వచ్చినది. దాని నడిభాగము ఒక పీపా. ఏడేసి తునకలుగల నాలుగు ఉంగరములను ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. మొత్తము 28 తునకలు. కత్తులు లోపలి రెండు ఉంగరములలో, పీపా గర్భమున, లోవైపునకు తిరిగియున్నవి. కత్తులు మూడు రకములు, రకమునకు రెండేసి చొప్పున ఆరు. ఒకటి నీటికి బెదరు పూసల వెంట, ఒకటి ధనావేశముగల పూసల వెంట, ఒకటి ఋణావేశముగల పూసల వెంట కోయుటకు ఇష్టపడును. బయటనున్న మాంసకృత్తునకు ఈ కత్తులు తగులవు. పీపా కొనలయందలి ద్వారమో, మిక్కిలి ఇరుకు. తెరచుకొన్నప్పటికిని విప్పిన దండ దూరునంతటిదే గాని ముడుచుకొన్న ఆకారము దూరునట్టిది కాదు. బొప్పాయిపాలకును దీనికిని గల భేదము ఇదియే. కత్తికి విచక్షణ లేదు. కత్తి ఉన్న గదికి విచక్షణ ఉన్నది.

పీపా యొక్క ఒక కొనపైనగాని, రెండు కొనలపైనగాని ఒక తలకట్టు కూర్చుండును. రెండు తలకట్టులతో కూడిన యంత్రము పొడవు మిల్లీమీటరులో ఇరువదివేల వంతుకంటె తక్కువ. ఇంత చిన్నదానిని కంటితో చూచుటెట్లు? వానిని అతిశీతలములో గడ్డకట్టించి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో వేలకొలది చిత్రములు తీసి, అన్నిటిని కలిపి లెక్కించి రూపమును నిర్మింతురు. ఈ పద్ధతిచేత 2012లో తలకట్టు యొక్క అమరిక స్పష్టమైనది. 2018లో ఒక మాంసకృత్తును సగము మ్రింగియున్న యంత్రమును అట్లే నిలిపి చిత్రించిరి. అంతకు ముందు ఊహలో ఉన్నది అప్పుడు కన్నులకు కట్టినది.

పట్టుట, విప్పుట, కోయుట

తలకట్టులో ముద్రను పట్టుకొను చేతులు మూడు చోట్ల కలవు. యుబిక్విటిన్ గొలుసు వానికి తగిలినప్పుడు మాంసకృత్తు యంత్రమునకు చిక్కును. కాని చిక్కుట వేరు, లోనికి పోవుట వేరు. ఇక్కడనే మన మంగళగిరి ఇల్లాలు గుర్తునకు రావలెను. మాంసకృత్తులో ముడుచుకొనక వ్రేలాడుచున్న కొస యొకటి కావలెను. అది సుమారు ఇరువదియైదు ముప్పది పూసల పొడవైనను ఉండవలెను. ఆ కొస తలకట్టు మధ్యనున్న రంధ్రములోనికి దిగినప్పుడే పని ఆరంభమగును. ముద్ర పడియు కొస లేని మాంసకృత్తు యంత్రమును అంటుకొని కొంతసేపు ఉండి, విడిపోవచ్చును. కొస ఉండియు ముద్ర లేనిది సాధారణముగా యంత్రము దరికే రాదు. రెండు తాళపుచెవులతో తెరచు భోషాణము వంటి ఏర్పాటిది. పొరపాటున ఒక తాళపుచెవి పడినను నిరపరాధి బ్రతుకుటకు వీలున్నది. ముద్రలను ఒలిచివేయు ఎంజైములు కూడ తలకట్టునకు చేరి ఉండుటచే, తొందరపడి వేసిన ముద్ర తొలగి మాంసకృత్తు తప్పించుకొనిపోవుటయు కలదు. ముద్ర లేకయే యంత్రములోనికి పోవునవి కొన్ని లేకపోలేదు, అవి అపవాదములు.

తలకట్టు క్రిందిభాగమున ఆరు మరలు ఉంగరముగా అమరియున్నవి. వీనిని త్రిప్పునది ఎ.టి.పి. ఈ పేరు వినినప్పుడు తెలుగువారు ఒక మహనీయుని స్మరింపవలెను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొనిరి. 1929లో కండరమునుండి ఎ.టి.పి.ని వేరుపరచినవారిలో వీరిరువురును ఉన్నారు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే సంవత్సరము స్వతంత్రముగా దానిని కనుగొనెను. కండరము ముడుచుటకు గల ఇంధనము కొరకు వెదకినవారికి, అదే ఇంధనము కణములోని ఈ చిన్న మరలను కూడ త్రిప్పుచున్నదని తెలియు వీలు అప్పటికి లేదు. 1948లో సుబ్బారావు గారు న్యూయార్కులో పరమపదించిరి.

ఆరు మరలును ఒకే మట్టమున ఉండవు. మెలికమెట్లవలె ఒకటి పైన, ఒకటి కొంచెము క్రింద ఉండును. ప్రతి మరకును రంధ్రములోనికి చాచిన ఒక వ్రేలు కలదు. ఆ వ్రేళ్ళు దండను పట్టుకొనియుండును. ఎ.టి.పి. ఖర్చైనప్పుడు అట్టడుగు మెట్టుననున్నది పట్టు విడిచి, పైమెట్టునకు చేరి దండను మరల పట్టుకొనును. తక్కినవి ఒక్కొక్క మెట్టు దిగును. నూతిలో చేదను తోడునప్పుడు త్రాటిని ఒక చేతితో పట్టి, మరొక చేతిని ముందుకు చాచి పట్టుకొనుట చూచియున్నాము గదా! ఇక్కడ ఆరు చేతులు. ఒక్కొక్క విడతకు దండ రెండేసి పూసల దూరము దిగుచున్నదని చిత్రములు సూచించుచున్నవి. రంధ్రము ఇరుకు కనుక వెలుపలనున్న ముడి లోనికి రాలేదు, లాగుడు ఆగదు, కడకు ముడియే విచ్చుకొనును. సింప్సన్ ప్రశ్నకు పూర్తి సమాధానము ఇది. శక్తి కావలసినది కోయుటకు కాదు. ముద్ర వేయుటకు, చిక్కు విప్పుటకు.

మరి ముద్రల మాట? అవి కూడ లోనికి పోయినచో యుబిక్విటిన్ అంతయు వ్యర్థమగును. మరల ఉంగరమునకు సరిగా పైన, రంధ్రపు ముఖద్వారమున, ముద్రను కోయు ఎంజైము ఒకటి కూర్చుండియున్నది. దండ లోనికి దిగుచుండగా ముద్ర దానికి తట్టుకొనును. తట్టుకొనినంతనే గొలుసు మొదలంట తెగి బయటకు పోవును. లాగుట ఆరంభము కాకముందే ముద్ర తెగినచో మాంసకృత్తు జారిపోవును. లాగుటతో పాటు తెగవలెను. ఈ కాలనియమము యంత్రము యొక్క అమరికలోనే ఉన్నది.

మంగళగిరి కొండపైని పానకాల నరసింహస్వామి సన్నిధిలో అర్చకులు శంఖముతో పానకమును స్వామి నోటిలో పోయుదురు. గుటకలు వేసిన చప్పుడు వినవచ్చును. కొంత స్వీకరించి మిగిలినది స్వామి భక్తులకే ప్రసాదముగా ఇచ్చునని ఆ క్షేత్రమున ప్రసిద్ధి. పోలిక పోలికయే గాని, ఈ యంత్రము కూడ తన నోట పడినదానినంతటిని పుచ్చుకొనదు. ముద్రను చెక్కుచెదరక తిరిగి ఇచ్చివేయును. అదే యుబిక్విటిన్ మరల వేరొకదానికి ముద్రగా పోవును.

పీపాలోనికి దిగిన దండను కత్తులు మూడు పూసలు మొదలు ఇరువదికి పైబడిన పూసలవరకు గల తునకలుగా కోయును. ఆ తునకలు బయట వేరు ఎంజైములచేత విడి పూసలగును. పూసలు క్రొత్త దండలలో చేరును. కొన్ని తునకలు మాత్రము కణము పైతలమునకు మోసికొనిపోబడి ప్రదర్శింపబడును. రక్షకకణములు వానిని పరీక్షించును. అందులో వైరసుదైన తునక కనపడినచో ఆ కణమును నాశనము చేయును. చెత్తబుట్టను చూచి ఇంటిలో ఎవరున్నారో తెలిసికొనుట వంటిది!

డెల్టా పొలములో

ఇంతవరకు చెప్పినది ప్రయోగశాలల సంగతి. పొలము గట్టునకు పోవుదము.

పూర్వకాలపు వరివంగడములు నిలువెత్తు పెరుగునట్టివి. ఎరువు ఎక్కువ వేసినచో ఇంకను పొడవై, కంకి బరువునకును గాలివానకును నేలకొరుగును. పడిన పైరులో గింజ మురిగిపోవును. సంవత్సరపు కష్టము రెండు గంటల గాలిలో పోవుట మన డెల్టా రైతునకు క్రొత్త కాదు. ఫిలిప్పైన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఇండోనేషియాకు చెందిన పేటా అను పొడవు రకమును, తైవానుకు చెందిన డీ-జియో-వూ-జెన్ అను పొట్టి రకమును సంకరము చేసి 1966లో ఐ.ఆర్.8ను విడుదల చేసెను. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు దానిని తమ పొలములో పండించి పేరుపొందిరి. 1986లో బాపట్ల పరిశోధనస్థానమునుండి వచ్చిన బి.పి.టి. 5204, అనగా సాంబమసూరి వంశములోను తైచుంగ్ నేటివ్ 1 అను పొట్టి రకము కలదు. దానికిని పొట్టితనము డీ-జియో-వూ-జెన్ నుండియే వచ్చినది.

పొట్టితనమునకు కారణమేమో ఆనాడు రైతునకును తెలియదు, శాస్త్రజ్ఞునకును తెలియదు. తెలిసినది ముప్పదియైదు సంవత్సరముల తరువాత. మొక్కను పొడవుగా పెంచు హార్మోను జిబ్బరెల్లిన్. వరిమొక్కలు వెఱ్ఱిగా పొడవెదుగు తెగులును పరిశీలించి, దానికి మూలము ఒక బూజు స్రవించు పదార్థమని జపానులో కురొసావ 1926లో చూపెను; ఆ పదార్థమే జిబ్బరెల్లిన్. అది మొక్కను పెంచుట యెట్లు? తోయుట వలన కాదు. అడ్డు తొలగించుట వలన. వరికణములో ఎస్.ఎల్.ఆర్.1 అను మాంసకృత్తు ఎదుగుదలకు అడ్డుకట్టగా ఉండును. జిబ్బరెల్లిన్ వచ్చి జి.ఐ.డి.1 అను గ్రాహకములో కూర్చుండును. అప్పుడా గ్రాహకము ఎస్.ఎల్.ఆర్.1ను పట్టుకొనును. పట్టుబడినదానిని జి.ఐ.డి.2 అను మాంసకృత్తుతో కూడిన బృందము ఆనవాలు పట్టి ముద్ర వేయును. ముద్ర పడినది ప్రోటియాజోము పాలగును. అడ్డు తొలగెను, కాండము సాగెను. జి.ఐ.డి.2 సంగతి 2003లోను, గ్రాహకము సంగతి 2005లోను జపాను శాస్త్రజ్ఞులు వరియందే కనుగొనిరి. అడ్డుకట్ట మొదలే లోపించిన వరిమొక్క హార్మోనుతో పని లేకయే సన్నగా, పొడవుగా సాగిపోవును. ఈ వివరణకు ఇంతకంటె వేరు సాక్ష్యమేల?

ఐ.ఆర్.8లో లోపించినది జిబ్బరెల్లిన్‌ను తయారుచేయు ఒక ఎంజైము. ఈ సంగతి 2002లో తేలినది. హార్మోను తగ్గెను, ముద్రలు తగ్గెను, అడ్డుకట్ట చాలవరకు నిలిచెను, మొక్క పొట్టిదై కంకి బరువును మోయగలిగెను. పొట్టి గోధుమల సంగతి ఇంకను చిత్రము. అందు హార్మోను ఉన్నది. కాని అడ్డుకట్ట మాంసకృత్తులో గ్రాహకము పట్టుకొను భాగమే లోపించినది. పట్టు దొరకదు కనుక ముద్ర పడదు. ముద్ర పడదు కనుక యంత్రమునకు చేరదు. ఒక దేశమునకు అన్నము పెట్టిన మార్పు, ఒక మాంసకృత్తు కూలవలసినంతగా కూలకపోవుటలో ఉన్నది.

అతి, అల్పము

ఇట్టి యంత్రము దారితప్పినచో కలుగు కీడు అంతింత కాదు. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరునకు కారణమగు పాపిలోమా వైరసు కత్తిని తనతో తీసికొనిరాదు. మన కత్తితోనే మనలను పొడుచును. దాని ఇ6 అను మాంసకృత్తు మన కణములోని ఆనవాలు పట్టు ఎంజైమునొకదానిని వశపరచుకొని, క్యాన్సరును అడ్డుకొను పి53పై ముద్రలు వేయించును. కాపలావాని మీదనే దొంగ అని చాటింపు వేయించినట్లు! పి53 కూలును; కణము కట్టు తప్పును. ఈ వైరసు సోకకుండ టీకా కలదు గనుక ఆడపిల్లల ఉపాధ్యాయులు ఈ సంగతిని తప్పక ఎరుగవలెను.

కీడు చేయు కణమునకు ఈ యంత్రమే ప్రాణాధారమైనప్పుడు యంత్రమును ఆపుటయే వైద్యము. ఎముకలమూలుగలో పుట్టు మైలోమా అను క్యాన్సరు కణములు ప్రతిరక్షకములను విస్తారముగా తయారుచేయుచు, తప్పుగా ముడుచుకొన్నవానిని ప్రోటియాజోముచేత తొలగించుకొనుచు బ్రతుకును. బోర్టిజోమిబ్ అను మందు పీపాలోని ఒక రకపు కత్తిని ముఖ్యముగా బంధించును. చెత్త పేరుకొని కణము చచ్చును. 2003లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందును నేడు హైదరాబాదులోని ఔషధసంస్థలు కూడ తయారుచేయుచున్నవి. మంచి కణములకును యంత్రము అవసరమే గనుక ఈ మందు నరముల తిమ్మిరి మొదలగు బాధలను కూడ కలిగించును. మోతాదు, విరామము వైద్యులు జాగ్రత్తగా నిర్ణయింతురు. యంత్రమునంతటిని ఆపక, కీడుచేయు ఒక్క మాంసకృత్తును మాత్రము ఆనవాలు పట్టువాని ఎదుటికి తెచ్చి ముద్ర వేయించు మందులను గూర్చి నేడు విశేషముగా కృషి జరుగుచున్నది. మంగళగిరి చెంతనే 2018లో ఆరంభమైన అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థలో చదువు విద్యార్థులు తమ జీవితకాలములో ఇట్టి మందులను మరెన్నింటినో చూడగలరు.

ఉపాధ్యాయులకు ఒక మాట

ఈ విషయమును తరగతిలో చెప్పుటకు విలువైన పరికరములు అక్కరలేదు. ఒక నూలు చిలపను చిక్కుపరచి పిల్లల కీయవలెను. ఉంగరము గుండ దానిని దూర్చుడని చెప్పవలెను. ముద్దగా నెట్టినచో దూరదు. ఎవడో ఒకడు కొస కొరకు వెదకును; కొసను ఉంగరములో దూర్చి అటు ప్రక్కనుండి మెల్లగా లాగును; ఇటు ప్రక్కన చిక్కు ఒక్కొక్కటిగా విడుచుండును. రెండవవానికి కత్తెర ఇచ్చి ఉంగరము దాటి వచ్చిన నూలును మాత్రమే కోయుమనవలెను. ముడికి అంటించిన రంగుకాగితము ఉంగరము వద్ద తట్టుకొని ఊడిపడును. దానిని ఏరి మరొక చిలపకు అంటింపవలెను. పది నిమిషములలో బాలుడు తెలిసికొన్నది, శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరములు శ్రమించి తెలిసికొన్నదే.

కట్టుట గొప్ప, కూల్చుట సులభము అని లోకము అనుకొనును. జీవకణము అట్లనుకొనలేదు. కూల్చుటకు అది ఆరువందల మందికి పైగా ఆనవాళ్ళు పట్టువారిని, ముద్రను, రెండు తాళపుచెవులను, మూసిన గదిని ఏర్పరచుకొన్నది. అందుకు తన ఇంధనమును వెచ్చించుచున్నది. కూల్చినదానిని పారవేయక పూస పూసగా దాచి మరల కట్టుచున్నది. మంగళగిరి వీథిలో మగ్గము చప్పుడు వినునప్పుడు, గోడప్రక్కన కొస వెదకుచున్న ఆ ఇల్లాలి వంక కూడ ఒకమారు చూడుడు. ఆమె వ్రేళ్ళు చేయు పనియే మన ప్రతి కణములోను, ఈ నిమిషమునను జరుగుచున్నది.